ఎలిజబెత్ టటిల్ ఎవరి నాయనమ్మ?

రెండేళ్ళ క్రితం మా చిన్నాన్న కొడుకు ఫోను చేశాడు. "అక్కా, మన వంశవృక్షం పుస్తకంగా వేయిస్తున్నాం. రాసే అలవాటున్నదానివి, ముందుమాట నువ్వే రాయాలి" అన్నాడు. ఏడు తరాల పేర్లు టైపు చేయించి పంపాడు కూడా. చదువుతూ పోతే, ఆ ఏడు తరాల్లో ఆడవాళ్ళ పేర్లు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మా తాతయ్య పేరు పక్కన బ్రాకెట్లో ఒక వాక్యం ఉంది: మొదటి భార్యకు సంతానం లేదు. అంతే. ఆవిడ పేరు లేదు. చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేటప్పుడు నా చెవిన పడ్డది ఒకటే మాట. ఆవిడకి మతి స్థిమితం లేదట, పుట్టింటికి పంపించేశారట.

పుస్తకం చివర్లో ఇంకో జాబితా. "మన వంశంలో ప్రముఖులు." ఒక జడ్జి, ఇద్దరు ఇంజనీర్లు, ఒక ఎమ్మెల్యే, అమెరికాలో స్థిరపడ్డ డాక్టర్లు. ముందుమాట రాయడానికి కూర్చుని లేచాను. చాలాసార్లు కూర్చున్నాను, చాలాసార్లు లేచాను. సరిగ్గా ఆ రోజుల్లో నేను చదువుతున్నది మరో వంశం కథ. మనకి ఏ చుట్టరికమూ లేని, సముద్రాల అవతలి వంశం. అయినా అది చదివాకే నా చెయ్యి ఎందుకు ఆగిపోయిందో నాకు అర్థమైంది. అందుకే ఆ కథ ముందు చెప్తాను.

విలియం టటిల్ అనే అతను 1635లో భార్యతో, పిల్లలతో 'ప్లాంటర్' అనే ఓడెక్కి ఇంగ్లండు నుంచి బోస్టన్ చేరాడు. అతని భార్య పేరు కూడా ఎలిజబెత్తే. వాళ్ళు ప్యూరిటన్లు. ఇంగ్లండు చర్చిలో పాత వాసనలు పోలేదని, ఇల్లూ ఊరూ రాజ్యమూ అన్నీ బైబిలు ప్రకారమే నడవాలని పంతం పట్టిన క్రైస్తవులు. కొన్నాళ్ళకి ఆ కుటుంబం న్యూహేవెన్‌కి చేరి స్థిరపడింది. ఆ నేల క్విన్నిపియాక్ అనే స్థానిక ప్రజలది. 1638లో రాసుకున్న ఒప్పందంతో వాళ్ళు తమ నేలలోనే ఒక మూలకి పరిమితమైపోయారు. టటిల్ ఇల్లు కట్టుకున్న స్థలం తర్వాతి శతాబ్దంలో యేల్ కళాశాల చేతికి వచ్చింది.

ఈ విలియంకి పన్నెండుమంది పిల్లలు. 1883 నాటికే అతని సంతతి వివరాలన్నీ కూర్చి లావుపాటి గ్రంథం వేశారు. అమెరికాలో ఇదొక పెద్ద వ్యాపకం. మొదట్లో ఓడ దిగినవాళ్ళలో ఒకర్ని తీసుకోవడం, అతని నుంచి కిందికి గీతలు గీసుకుంటూ రావడం, ఏ గీత చివర ఏ గొప్పవాడు ఉన్నాడో వెతకడం.

టటిల్ వంశంలో అలా దొరికిన పెద్ద పేరు జోనాథన్ ఎడ్వర్డ్స్. 1703లో పుట్టి 1758లో పోయాడు. మతబోధకుడు, తత్వవేత్త. వలస కాలపు అమెరికాలో అతనంత లోతుగా ఆలోచించిన మతపండితుడు లేడంటారు. విలియం టటిల్ కూతురు ఎలిజబెత్, ఈ జోనాథన్‌కి సొంత నాయనమ్మ.

1900లో విన్షిప్ అనే విద్యావేత్త జోనాథన్ ఎడ్వర్డ్స్ సంతతిని లెక్కవేసి పుస్తకం రాశాడు. దాదాపు 1,400 మందిని పట్టుకున్నాడు. కాలేజీ అధ్యక్షులు 13 మంది, ప్రొఫెసర్లు 65 మంది, జడ్జిలు 30 మంది, లాయర్లు వందమంది, ఒక ఉపాధ్యక్షుడు. ఆ లెక్క పక్కన ఇంకో కుటుంబం లెక్క పెట్టాడు. న్యూయార్కు రాష్ట్రంలో డగ్డేల్ అనే అతను జైళ్ళు తిరిగి 1877లో ఒక అధ్యయనం అచ్చువేశాడు. అందులో 'జ్యూక్స్' అని మారుపేరు పెట్టిన కుటుంబం అది. దొంగలు, తాగుబోతులు, బిచ్చగాళ్ళు, వేశ్యలు అని వాళ్ళని లెక్కించారు. ఆ కుటుంబానికి మూలంగా చూపించినది ఒక స్త్రీని. "నేరస్తుల తల్లి" అని ఆమెకి బిరుదు. గొప్ప వంశానికి మూలపురుషుడు, నీచమైన వంశానికి మూలస్త్రీ! ఇలాంటి లెక్క మన దగ్గరా కొత్తేమీ కాదు. కొడుకు ఫస్టున పాసైతే తండ్రి పోలిక, చెడిపోతే తల్లి పెంపకం.

కానీ విన్షిప్ లెక్కలో ఒక చిక్కుంది. ఆ ఉపాధ్యక్షుడు ఆరన్ బర్. అతను ఎడ్వర్డ్స్ కొడుకు కొడుకు కాదు. కూతురు ఎస్తేర్ కొడుకు. యేల్ అధ్యక్షుడైన తిమోతీ డ్వైట్ మరో కూతురు మేరీ కొడుకు. కూతుళ్ళ గీతలు చెరిపేస్తే ఆ జాబితాలో మెరిసే పేర్లు చాలా రాలిపోతాయి. కూతుళ్ళు వంతెనల్లాగా పనికొచ్చారు. వంతెన మీదుగా నడిచి పోతారు గానీ, వంతెన పేరు ఎవరడుగుతారు? ఎస్తేర్ తన స్నేహితురాలి కోసం 1754 నుంచి 1757 దాకా దినచర్య రాసింది. స్త్రీలకు స్నేహం గురించి మాట్లాడేంత జ్ఞానం ఎక్కడిదన్న ఒక కాలేజీ అధ్యాపకుడితో వాదించి అతని నోరు మూయించిన సంగతి అందులో ఉంది. 26 ఏళ్ళకే చనిపోయింది. ఆ దినచర్య పూర్తిగా అచ్చయింది 1984లో. విన్షిప్ కొలబద్దలో ఆమె విలువ ఒక ఉపాధ్యక్షుణ్ణి కనడం. ఆ ఉపాధ్యక్షుడు పదవిలో ఉండగానే 1804లో అలెగ్జాండర్ హామిల్టన్‌ని ద్వంద్వయుద్ధంలో కాల్చి చంపాడు, 1807లో రాజద్రోహం కేసులో బోనెక్కి నిర్దోషిగా బయటపడ్డాడు. ప్రముఖుడే మరి!

ఇక నాయనమ్మ దగ్గరికి వద్దాం. ఎలిజబెత్‌కి 1667లో రిచర్డ్ ఎడ్వర్డ్స్‌తో పెళ్ళయింది. పెళ్ళినాటికే ఆమె గర్భవతి, తండ్రి రిచర్డ్ కాదు. ఆ బిడ్డను ఎలిజబెత్ పుట్టింటివాళ్ళే పెంచారు. తర్వాత ఈ దంపతులకు పిల్లలు పుట్టారు. 1669లో పుట్టిన తిమోతీయే జోనాథన్ తండ్రి. ఈ కాపురం 24 ఏళ్ళు సాగింది. ఈలోగా పుట్టింట్లో ఘోరాలు జరిగాయి. 1676లో తమ్ముడు బెంజమిన్ గొడ్డలితో తోడబుట్టిన సారాని చంపి, ఉరికంబం ఎక్కాడు. 1691లో చెల్లెలు మెర్సీ గొడ్డలితో కన్నకొడుకునే చంపింది. మతి చలించిందని ఆమెను ఉరితీయలేదు. అదే సంవత్సరం కనెక్టికట్ పాలకులు రిచర్డ్‌కి ఎలిజబెత్ నుంచి విడాకులిచ్చారు. ఆమె వ్యభిచరించిందని, తనని పడకకి రానివ్వడం లేదని అతని ఫిర్యాదు. అతను మేరీ టాల్కాట్‌ని చేసుకుని మళ్ళీ సంసారం మొదలుపెట్టాడు. వంశచరిత్రల్లో ఎలిజబెత్ కథ ఆ విడాకులతో ఆగిపోతుంది.

ప్యూరిటన్లకు పెళ్ళి మతసంస్కారం కాదు, పౌర ఒప్పందం. అందుకే ఇంగ్లండులో దాదాపు అసాధ్యమైన విడాకులు కనెక్టికట్‌లో సాధ్యమయ్యాయి. విడాకుల హక్కు అనగానే మనం స్త్రీ స్వేచ్ఛ వైపు నుంచి ఆలోచిస్తాం. ఇక్కడ అది ఒక భర్త చేతిలో పనిముట్టయింది. ఎలిజబెత్ గురించి తర్వాతివాళ్ళు చెప్పినదంతా ఆ భర్త రాసిచ్చిన అర్జీల మీద కట్టిన గోడే. ఆమె ఏమంది? ఆ ప్రశ్నకి కాగితం లేదు. తమ్ముడి గొడ్డలి, చెల్లెలి గొడ్డలి కలిపి ఆమెకీ పిచ్చి అంటగట్టారు. ఆవా చాంబర్లిన్ అనే చరిత్రకారిణి 2012లో ఈ కోర్టు కాగితాలన్నీ మళ్ళీ తిరగేసి ఎలిజబెత్ గురించే ఒక పుస్తకం రాసేదాకా మూడువందల ఏళ్ళు ఆమె "జోనాథన్ గారి పిచ్చి నాయనమ్మ"గానే మిగిలింది.

మధ్యలో ఒకాయన మాత్రం ఆమెను ఆకాశానికెత్తాడు. నన్ను ఎక్కువగా ఇబ్బందిపెట్టింది ఆయనే. పేరు చార్లెస్ డావెన్‌పోర్ట్. మనుషుల్లో మేలుజాతిని పెంచాలి, హీనజాతిని ఆపాలి అనే 'యూజెనిక్స్' శాస్త్రానికి అమెరికాలో పెద్ద దిక్కు. 1910లో దానికోసం ఒక కార్యాలయం తెరిచి కుటుంబాల చరిత్రలు పోగుచేయించాడు. 1911లో రాసిన పుస్తకంలో ఈ ఎడ్వర్డ్స్ వంశం ప్రతిభ అంతా ఎలిజబెత్ నుంచే వచ్చిందని తేల్చాడు. రుజువేమిటంటే రిచర్డ్ రెండో భార్య మేరీ టాల్కాట్ సాదాసీదా మనిషి, ఆమె కడుపున పుట్టినవాళ్ళెవరూ పేరు తెచ్చుకోలేదు. కనుక మేధస్సు మొదటి భార్యదే. ఆమె నడతలో చెడు ఉంటే ఉండవచ్చు, ఆ రక్తం మాత్రం మేలైనది.

నిజం చెప్పొద్దూ, మొదట చదివినప్పుడు ఒక్క క్షణం సంతోషమేసింది. చూశారా, చివరికి మూలం స్త్రీయే అని తేలింది! మరుక్షణం ఒళ్ళు జలదరించింది. ఎలిజబెత్ మనసు, దుఃఖం, ఆ 24 ఏళ్ళ కాపురం, ఏదీ ఆయనకి అక్కర్లేదు. ఆయన మెచ్చుకున్నది ఒక గర్భాన్ని. ఆంబోతుని, ఆవుని చూసి జాతి నిర్ణయించే సంతబేరం అది. మేరీ టాల్కాట్ సంగతి ఇంకా ఘోరం. ఆమె పాపం కొడుకులు ప్రముఖులు కాకపోవడం. వంశవృక్షంలో ఆడపేరు ఎక్కించినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదని నాకు అక్కడ తెలిసింది. ఏ కొలబద్దతో ఎక్కిస్తున్నారన్నది అసలు ప్రశ్న.

ఆ కొలబద్ద ఎక్కడిదాకా పోయిందో చూడండి. 1927లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు క్యారీ బక్ అనే పేదింటి అమ్మాయి కేసు వచ్చింది. పెంచిన ఇంటివాళ్ళ బంధువు బలాత్కారం చేస్తే ఆమె గర్భవతి అయింది. తల్లికి, ఆమెకి, పసికందుకి ముగ్గురికీ బుద్ధిమాంద్యమని ముద్రవేసి, ఆమెకి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయొచ్చా అన్నది ప్రశ్న. మూడు తరాల లెక్క చూపించి చేయొచ్చని తీర్పు రాసిన జడ్జి ఆలివర్ వెండెల్ హోమ్స్. ఆయన ఎవరనుకున్నారు? 1630లో ఓడ దిగిన ప్యూరిటన్ కవయిత్రి ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ సంతతివాడు. ఆవిడ ప్రముఖ వారసుల జాబితా ఎవరు రాసినా ఆయన పేరు లేకుండా ఉండదు. క్యారీ కూతురు బడిలో చక్కగా చదివి మంచి విద్యార్థుల జాబితాకెక్కి, 1932లో ఎనిమిదేళ్ళకే జబ్బుచేసి పోయింది. ఇలాంటి చట్టాల కింద అమెరికాలో 60 వేలమందికి పైగా ఆపరేషన్లు చేశారు. ఒక వంశవృక్షాన్ని పూజించడానికీ, ఇంకో వంశవృక్షాన్ని వేళ్ళతో పెరికేయడానికీ మధ్య దూరం అంత తక్కువ.

ఇంతకీ రక్తం లెక్క నిలుస్తుందా? జోనాథన్‌కి తాతలు, అవ్వలు కలిపి నలుగురు. వాళ్ళలో ఎలిజబెత్ ఒకరు. మునిమనవరాలి కొడుకు ఆరన్ బర్ దగ్గరికొచ్చేసరికి, ఆ తరంలో అతని పూర్వీకులు పదహారుమంది. అందులో ఆమె ఒకరు. పది తరాలు వెనక్కి పోతే ఒక్కొక్కరికి 1,024 మంది పూర్వీకుల స్థానాలు. వాళ్ళలోంచి ఒక్కణ్ణి ఏరి, మేం ఫలానావారి సంతతి అని చెప్పుకుంటే మిగతా 1,023 మంది ఏమైనట్టు? గర్వపడాలనుకున్న పేరునే ముందు ఎంచుకుని, తర్వాత గీత గీస్తాం. చెట్టు కింద నుంచి పైకి పెరుగుతుంది, వంశవృక్షం మాత్రం పైనున్న పండుని చూసి వేరుని వెతుక్కుంటుంది.

అయితే తరం నుంచి తరానికి ఏమీ రాదా అంటే, వస్తుంది. ఇంటి స్థలం వస్తుంది. కాలేజీలో సీటు, పలుకుబడి, పేరు వస్తాయి. పుస్తకాల అలమర వస్తుంది. ఆ పుస్తకాల ముందు తీరిగ్గా కూర్చోవడానికి వీలుగా ఇంటిపని ఎవరో చేసిపెట్టే ఏర్పాటూ వస్తుంది. 1731లో జోనాథన్ ఎడ్వర్డ్స్ న్యూపోర్టు వెళ్ళి 80 పౌండ్లిచ్చి ఒక ఆఫ్రికన్ పిల్లని కొనుక్కొచ్చాడు. ఆమెకి పద్నాలుగేళ్ళు. కొనుగోలు పత్రంలో ఆమె పేరు వీనస్. ఆయన రాసిన వేల పేజీల వెనక ఆమె తోడిన నీళ్ళున్నాయి, కొట్టిన కట్టెలున్నాయి. వీనస్ సంతతిలో ప్రముఖులెవరని ఏ విన్షిప్పూ లెక్కవేయలేదు.

ఇంకో పేరు. ఆరన్ బర్ ఇంట్లో పనిచేసిన మేరీ ఎమన్స్. ఆమె కలకత్తాలో పుట్టిందని, హైతీ మీదుగా అమెరికా చేరిందని ఆ కుటుంబం తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చింది. భార్య బతికుండగానే ఈమెతో బర్‌కి ఇద్దరు పిల్లలు పుట్టారు. కూతురు లూయీసా షార్లెట్, కొడుకు జాన్ పియర్. యజమానికీ పనిమనిషికీ మధ్య ఉన్నది ప్రేమా, బలవంతమా అని మనం ఊహించుకోనక్కర్లేదు. కాదనగలిగే చోటు ఆమెకి ఉందా అన్నది చాలు. జాన్ పియర్ ఫిలడెల్ఫియాలో మంగలి. పారిపోయి వచ్చిన బానిసలను దాచి, దాటించాడు. లూయీసా కొడుకు ఫ్రాంక్ వెబ్ 1857లో నవల అచ్చువేసిన తొలితరం నల్లజాతి రచయితల్లో ఒకడు. బర్ వంశీకుల సంఘం జాన్ పియర్‌ని బర్ కొడుకుగా ఒప్పుకున్నది 2018లో. దానికోసం పరిశోధన చేసినది అదే శాఖకి చెందిన షెర్రీ బర్ అనే న్యాయశాస్త్ర ఆచార్యురాలు. మరుసటి ఏడాది అతని సమాధి మీద రాయి పెట్టారు. విన్షిప్ లెక్కకీ ఈ ఒప్పుకోలుకీ మధ్య 118 ఏళ్ళు. మన దేశపు ఆడమనిషి ఒకతె ఆ వంశవృక్షంలో ఇంతకాలం ఆకు చాటున ఉందని తెలిసినప్పుడు, దూరపు కథ అనుకున్నది ఒక్కసారిగా దగ్గరికొచ్చింది.

ఇప్పుడు నా ప్రశ్న. తాతలు చేసినదానికి మనుమలు బాధ్యులా? కాదనే అంటాను. నేను పుట్టకముందు జరిగిన నేరానికి నాకు శిక్ష వేయడం అన్యాయం. కానీ అదే నోటితో, నేను పుట్టకముందు జరిగిన ఘనకార్యానికి దండ నా మెడలో వేయమని అడగలేను. గర్వం వారసత్వమైతే సిగ్గూ వారసత్వమే. రెండూ కాకపోతే రెండూ కావు. మనవాళ్ళు గర్వాన్ని ఆస్తిలా పంచుకుని, సిగ్గుని అప్పులా ఎగ్గొడతారు. అప్పు ఎగ్గొట్టడానికి తేలికైన దారి దాన్ని ఒక ఆడమనిషి పేర రాసేయడం. పిచ్చిదని, చెడిపోయిందని, గొడ్రాలని.

అపరాధం రక్తంతో రాదు. కానీ ఇల్లు, పొలం, చదువు, పేరు అందుకున్నప్పుడు వాటితోబాటు వాటి మీదున్న బాకీ కూడా అందుకుంటాం. నాకు అర్థమైనంతలో బాధ్యత అంటే ఇదే. జోనాథన్ కొడుకు, అతని పేరూ జోనాథనే, బానిసలున్న ఇంట్లో పెరిగాడు. 1791లో బానిస వ్యాపారం అన్యాయమని బహిరంగంగా ప్రసంగించి, దాన్ని అచ్చువేయించాడు. అదే రక్తం, అదే ఇల్లు. మారినది అతను తీసుకున్న నిర్ణయం. ఆ ఇంట్లో నాకు గౌరవంగా తలవంచాలనిపించే చోటు అదొక్కటే.

మరి మనం చేస్తున్నదేమిటని ఎవరైనా అడగొచ్చు. స్త్రీవాదులు కూడా పూర్వ స్త్రీలను వెతుకుతున్నారు కదా, మీదీ ప్రముఖుల జాబితాయే కదా అని. ఈ ప్రశ్నని తోసిపుచ్చను. మనమూ అప్పుడప్పుడు ఆ ఉచ్చులో పడతాం. తొలి కథకురాలు, తొలి డాక్టరు, తొలి గ్రాడ్యుయేటు అంటూ మెడల్స్ పంచుతాం, ఆమె ఇంట్లో అంట్లు తోమినదెవరని అడగం. కానీ విన్షిప్ పుస్తకం 1900 నాటిదని చదివినప్పుడు నాకు భండారు అచ్చమాంబ గుర్తొచ్చింది. ఆమె 'అబలా సచ్చరిత్ర రత్నమాల' మొదటి భాగం వచ్చింది 1901లో. కన్న బిడ్డలిద్దరూ చిన్నతనంలోనే పోయారు. వంశవృక్షం లెక్కలో ఆమె కొమ్మ ఎండిపోయినట్టే. ఆమె తనకు ఏ చుట్టరికమూ లేని స్త్రీల జీవితాలు ఒక్కొక్కటీ వెతికి రాసింది. స్త్రీలు బుద్ధిహీనులు, అబలలు అన్నవాళ్ళకి అది జవాబు. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినవాళ్ళూ అంతే, తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలను తమ రక్తసంబంధం కోసం వెతకలేదు. వాళ్ళ నోట వాళ్ళ మాట వినడానికి వెళ్ళారు. నేను ఫలానా ఆమె సంతతిని అని చెప్పుకోవడం వేరు, ఫలానా ఆమె ఏమందో వింటానని వెళ్ళడం వేరు. రెండోదానికి రక్తం అక్కర్లేదు, చెవి కావాలి.

పోయిన సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు మా మేనత్తని అడిగాను, తాతయ్య మొదటి భార్య పేరేమిటని. ఆమెకి తొంభై దగ్గరపడుతున్నాయి. చాలాసేపు నా మొహం వంక చూసింది. "ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదే" అని పేరు చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. "పిచ్చీ లేదు, గిచ్చీ లేదు. మూడు కాన్పులు పోయాయి. ఏడుస్తూ ఉండేదంట. ఏడుపు చూడలేక పంపించేశారు."

మూడు కాన్పులు. పుస్తకంలో "సంతానం లేదు" అని ఉంది.

తమ్ముడికి రెండు షరతులు పెట్టి ఉత్తరం రాశాను. ఆవిడ పేరు, ఆ మూడు కాన్పులు లోపల ఉండాలి. ప్రముఖుల జాబితా తీసేయాలి. తీసేయడం ఇష్టంలేకపోతే, ఆ జడ్జిగారు చదువుకున్న రోజుల్లో మా పొలంలో వెట్టి చేసిన కుటుంబాల పేర్లు కూడా పక్క పేజీలో వేయాలి, అవి ఊళ్ళో అడిగితే ఇప్పటికీ చెప్తారు. "ఇప్పుడవన్నీ ఎందుకక్కా, చదివేవాళ్ళు ఏమనుకుంటారు" అన్నాడు ఫోనులో. ఆలోచించి చెప్తానన్నాడు.

ముందుమాట ఇంకా రాయలేదు.